ఎవరి లకోటా వారికి

స్విచ్చి అనగానే మనకు స్ఫురించునది గోడమీది దీపపు మీట. నేటి ప్రసంగములోని స్విచ్చి అది కాదు. కార్యాలయములలో, ఆసుపత్రులలో, బ్యాంకులలో, కళాశాలలలో ఉండు కంప్యూటర్లను తీగలతో ఒకచోటికి చేర్చి, వాని మధ్య సమాచారమును చేరవేయు పెట్టెకు కూడ స్విచ్చి అనియే పేరు. దాని ముందువైపున ఎనిమిదియో, ఇరువదినాలుగో, నలువదియెనిమిదియో రంధ్రములు వరుసగా నుండును. వీనిని పోర్టులందురు. ఒక్కొక్క పోర్టునకు ఒక్కొక్క తీగ, ప్రక్కనే మినుకుమినుకుమను చిన్న దీపము. ఇంటర్నెట్టు పెట్టించుకొన్న శ్రోతల ఇండ్లలోను ఇది కలదు. కంపెనీవారు అమర్చిపోయిన పెట్టె వెనుక నాలుగు రంధ్రములున్నచో, లోపల పనిచేయుచున్నది ఒక చిన్న స్విచ్చియే.

ఈ పెట్టెకు ముందుగా ఎవరును ఏమియు నేర్పరు. ఏ కంప్యూటరు ఏ తీగ చివర నున్నదో జాబితా వ్రాసి ఇయ్యరు. అది వినుచు నేర్చుకొనును. తెలియనప్పుడు అందరికి చాటును. కొంతసేపటికి మరచిపోవును. ఈ మూడు గుణములతో అది ప్రపంచమునందలి కార్యాలయములను నడపుచున్నది. అరుదుగా ఒక పెద్ద ఆసుపత్రి నడక ఆగిపోవుటయు ఈ గుణముల వలననే జరిగినది. ఆ సంగతికి తరువాత వత్తుము.

స్విచ్చి లేని కాలపు కథ రేడియోతోనే ఆరంభమగుట మాబోటివారికి సంతోషకరము. 1971లో హవాయి విశ్వవిద్యాలయమున నార్మన్ అబ్రామ్‌సన్, ఆయన సహచరులు దీవుల మధ్య కంప్యూటరు సమాచారమును రేడియో తరంగములపై పంపు ఏర్పాటు చేసిరి. దాని పేరు అలోహానెట్. మాట్లాడదలచినవారందరికి ఒకే తరంగము. ఇద్దరు ఒక్కసారి మాట్లాడినచో ఇద్దరి మాటయు చెడును. చెడినచో కొంత తడవు ఆగి మరల చెప్పవలెను. కాలిఫోర్నియాలో జిరాక్సు కంపెనీ పరిశోధనాలయమున నున్న రాబర్ట్ మెట్కాఫ్ ఈ పద్ధతిని చదివి, మెరుగుపరచి, ఆకాశమునకు బదులు లావుపాటి తీగ నొకదానిని వాడ తలపెట్టెను. 1973 మే 22వ తేదీన ఆయన వ్రాసిన లేఖలో ఈథర్‌నెట్ అను పేరు కనబడును. కాంతి ప్రయాణించుటకై విశ్వమంతటను ఈథరను పదార్థము నిండియున్నదని పందొమ్మిదవ శతాబ్దపు శాస్త్రజ్ఞులు తలంచిరి. అట్టి పదార్థము లేదని తరువాత తేలిపోయినది. దిక్కులేని ఆ పేరు చివరకు తీగకు దక్కినది.

ఆ తొలి తీగకు రేడియో స్వభావమే వచ్చినది. ఒక కంప్యూటరు పలికినది తీగమీది కంప్యూటర్లన్నింటికి వినబడును. పైన నున్న చిరునామా తనదైనచో పుచ్చుకొనును, కానిచో విడిచిపెట్టును. ఇది మర్యాదయే గాని కట్టడి కాదు. వినదలచినవానిని ఆపగలది లేదు. స్టూడియోలో మేము చెప్పు మాట ఇల్లిల్లు చేరవలెనని మా కోరిక. ఒక రోగి రక్తపరీక్ష ఫలితము ఆసుపత్రిలో గదిగదికి చేరవలెనని ఎవరును కోరరు. అదిగాక, యంత్రములు పెరిగినకొలది ఒకదాని మాటపై మరొకదాని మాట పడి, చెప్పినదే చెప్పుటలో కాలము గడచును.

1980 తరువాత డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషనులో మార్క్ కెంఫ్ అను ఇంజనీరు దీనికొక ఉపాయము కనిపెట్టెను. రెండు తీగల నడుమ ఒక పెట్టెను పెట్టి, ఈ వైపువారి మాటను ఈ వైపుననే ఆపి, ఆ వైపువారికి చెందినదానిని మాత్రము దాటించెను. దానిని వంతెన అనిరి. 1990లో కాలిఫోర్నియాలోని ఒక చిన్న సంస్థ ఏడు పోర్టులుగల పెట్టెను విపణిలోనికి తెచ్చెను. ఒక్కొక్క పోర్టునకు నడుమ ఒక్కొక్క వంతెన యున్నట్లే అది పనిచేసెను. నేటి స్విచ్చికి అదియే తాత. ఆ సంస్థ పేరు మనకు పరిచితమైన మాటయే, కల్పన. స్థాపకులలో వినోద్ భరద్వాజ్ ఒకరు. 1994లో సిస్కో కంపెనీ దానిని కొనివేసెను.

కంప్యూటర్లు సమాచారమును ముక్కలుముక్కలుగా పంపుకొనును. ఒక్కొక్క ముక్కను ఇంజనీర్లు ఫ్రేము అందురు. మేము లకోటా అందుము. లకోటాలో మొదటి ఆరు బైట్లు చేరవలసినవాని చిరునామా, తరువాతి ఆరు బైట్లు పంపినవాని చిరునామా. పిదప లోపలి వస్తువు ఏ జాతిదో చెప్పు రెండు బైట్లు, ఆ వెనుక 46 నుండి 1500 బైట్ల వరకు అసలు సమాచారము. తుదను నాలుగు బైట్లు, దారిలో అక్షరమేదైన చెడినదేమో సరిచూచుకొనుటకు. చిరునామా 48 బిట్ల సంఖ్య. ఇట్టి సంఖ్యలు రెండు కోట్ల ఎనుబది యొక్క లక్షల కోట్లకు పైగా నుండగలవు గనుక తయారీ సమయముననే యంత్రమునకొక సంఖ్యను ముద్రవేసి పంపుదురు. ఏ కంపెనీ ఏ సంఖ్యలను వాడవలెనో అమెరికాలోని ఇంజనీర్ల సంఘము ఒకటి పంచియిచ్చును. చేతిఫోనులు మాత్రము ఇటీవల, యజమాని జాడ ఇతరులు తీయకుండుటకై, వైఫైలో మారుపేర్లు పెట్టుకొనుచున్నవి.

ఇప్పుడు ఒక పెద్ద కార్యాలయమునకు క్రొత్తగా వచ్చిన బంట్రోతును ఊహింపుడు. ఎవరు ఏ గదిలో కూర్చుందురో అతడెరుగడు. అడుగుటకు నోరు లేదు. మూడవ గది నుండి ఒక లకోటా చేతికి వచ్చినది. పైన “సుబ్బారావుగారికి, వెంకటమ్మగారు వ్రాయునది” అని యున్నది. సుబ్బారావుగారి గది అతనికి తెలియదు. కాని ఈ క్షణమున ఒకటి తెలిసినది: వెంకటమ్మగారు మూడవ గదిలో నున్నారు. దానిని చిట్టాలో వ్రాసికొనును. పిదప లకోటాకు నకళ్లు తీసి, మూడవ గదికి తప్ప తక్కిన గదులన్నింటికి ఒక్కొక్కటి పంచును. సుబ్బారావుగారు కానివారందరు అవతల పారవేయుదురు. పదునేడవ గదిలోని సుబ్బారావుగారు చదివి జవాబు వ్రాయుదురు. ఆ జవాబు పదునేడవ గది నుండి రాగానే సుబ్బారావుగారి గదియు చిట్టా కెక్కినది. జవాబు వెళ్లవలసినది వెంకటమ్మగారికి. చిట్టాలో మూడవ గది అని సిద్ధముగా నున్నది. కావున అది ఒక్క మూడవ గదికే పోవును. ఒక ఉత్తరము, ఒక జవాబు, ఇంతతో ఇద్దరి జాడయు తెలిసిపోయినది. అటుపైన వారిద్దరి నడుమ నడచు వేల లకోటాలు మూడవ వాని గడప తొక్కవు.

బంట్రోతు స్థానమున స్విచ్చిని, గదుల స్థానమున పోర్టులను పెట్టినచో చాలును. గమనింపదగిన విషయమొకటి కలదు. అది నేర్చుకొనునది పంపినవాని చిరునామా నుండియే. చేరవలసినవాని చిరునామాను చూచి చిట్టాలో వెదకును గాని దానివలన ఏమియు నేర్వదు. ఇది విద్యార్థులు తరచుగా తారుమారు చేయు సంగతి. మాట్లాడినవాడే తెలియును. నోరు మెదపని యంత్రమునకు వచ్చు ప్రతి లకోటాకు ఊరంతయు దండోరా వేయవలసినదే.

కావలెనని వేయు దండోరా వేరొకటి కలదు. చిరునామా బిట్లన్నియు ఒకట్లేయైనచో అది “అందరికి” అని అర్థము. ఫలానా ఇంటర్నెట్టు సంఖ్య గలవారెవరని ఒక కంప్యూటరు తన తోడివారిని అడుగవలసినప్పుడు ఇట్లే అడుగును. స్విచ్చి దానిని మారుమాట లేక అన్ని పోర్టులకు పంపును.

చిట్టాలోని ప్రతి పేరుకు గడువు కలదు. సామాన్యముగా 300 సెకనులు. అయిదు నిమిషముల పాటు ఆ యంత్రము నుండి లకోటా రానిచో పేరు కొట్టివేయబడును. వచ్చినచో గడువు మొదటికి వచ్చును. మరపు ఇచ్చట లోపము కాదు. గుమాస్తా తన కంప్యూటరును మేడమీది గదికి మార్చుకొనెననుకొందము. పాత చిట్టాను పట్టుకొని వ్రేలాడు స్విచ్చి అతని ఉత్తరములను ఖాళీ గదిలో పోయుచుండును. మరచునది గనుకనే ఎవరి అనుమతియు లేకుండ కంప్యూటర్లు గదులు మారుచున్నవి.

లకోటాను పూర్తిగా అందుకొని, తుదనున్న నాలుగు బైట్లతో సరిచూచి, బాగున్నచో పంపుట ఒక పద్ధతి. మొదటి ఆరు బైట్లు చదువగనే, తోక ఇంకను లోపలికి వచ్చుచుండగనే తలను బయటికి పంపుట మరియొక పద్ధతి. కల్పన వారిది ఈ రెండవది. ఇందు వేగమెక్కువ, చెడిన లకోటాలు కూడ సాగిపోవుట దీనిలోని చిక్కు. నేటి గిగాబిట్టు తీగలపై 1500 బైట్ల లకోటా పండ్రెండు మైక్రోసెకనులలో వచ్చిచేరును గనుక ఇండ్లలో, కార్యాలయములలో ఈ తేడా ఎవరికిని తెలియదు. నేడు అనేక రేడియో కేంద్రములలో మైకు నుండి వచ్చు ధ్వనియు ఇట్టి లకోటాలలోనే నడచుచున్నది.

ఇక ప్రమాదము సంగతి. ఒక తీగ తెగినను పని ఆగకుండుటకై రెండు స్విచ్చిల నడుమ రెండు తీగలు వేయుదురు. బుద్ధిగల పనియే. కాని ఒక దండోరా లకోటా వచ్చినప్పుడు ఏమగును? మొదటి స్విచ్చి దానిని రెండు తీగలమీదను పంపును. రెండవ స్విచ్చి మొదటి తీగపై వచ్చినదానిని రెండవ తీగపై, రెండవదానిపై వచ్చినదానిని మొదటి తీగపై తిప్పి పంపును. అవి మరల తిరిగివచ్చును, మరల పోవును. మధ్యనున్న కంప్యూటర్లన్నింటికి ప్రతి చుట్టునకు నకళ్లు పడుచుండును. ఇంటర్నెట్టులోని ఉత్తరములకు మజిలీ మజిలీకి ఒక్కొక్కటి తగ్గు అంకె ఉండును. అది సున్న కాగానే ఉత్తరము చచ్చును. ఈథర్‌నెట్ లకోటాకు అట్టి ఆయుర్దాయము వ్రాసిలేదు. తిరుగుట మొదలిడినచో అంతులేదు. క్షణములలో తీగలన్నియు నిండిపోయి, నిజమైన ఉత్తరమునకు చోటుండదు. వెంకటమ్మగారి పేరుతో లకోటా ఒకసారి ఈ పోర్టు నుండి, ఒకసారి ఆ పోర్టు నుండి వచ్చుటచే చిట్టాయు తారుమారగును.

దీనికి మందు కనిపెట్టినది డిజిటల్ కంపెనీలోనే పనిచేయుచుండిన రేడియా పెర్ల్‌మన్ అను విదుషి. 1985లో ప్రకటించిన ఆమె పద్ధతిలో స్విచ్చిలు రెండు సెకనుల కొకసారి ఒకదానికొకటి చిన్న కబురు పంపుకొనును. అందరిలో చిన్న సంఖ్యగలదానిని పెద్దగా ఎన్నుకొనును. ప్రతి స్విచ్చియు ఆ పెద్దను చేరు దగ్గర దారిని ఉంచుకొని, చుట్టు ఏర్పరచు అదనపు దారులను మూసివేయును. మిగులునది కొమ్మలేగాని వలయము లేని చెట్టు. తీగ తెగినచో మూసిన దారి తెరచుకొనును. ఈ గంభీరమైన శాస్త్రవ్యాసము మొదట ఆమె సారాంశమునకు బదులు ఒక హాస్యపద్యమును చేర్చెను. ఇంజనీర్లు ఇట్లుండుట మాకు ఎంతయు నచ్చినది.

ఐనను ఆ చెట్టునకును హద్దు కలదు. నడుమ ఏడు స్విచ్చిలకు మించి దూరముండరాదని ప్రమాణగ్రంథము సూచించెను. అమెరికాలోని బోస్టను నగరమున బెత్ ఇజ్రాయల్ డీకనెస్ అను పెద్ద ఆసుపత్రి నెట్‌వర్కు, సంవత్సరముల తరబడి ముక్క వెనుక ముక్కగా అతుకుబడుచు, ఆ హద్దును దాటెను. 2002 నవంబరులో రద్దీ హెచ్చినప్పుడు కొన్ని స్విచ్చిలకు పెద్ద నుండి రావలసిన కబురు చేరలేదు. కబురు రానిచో దారి తెగినదని తలంచి మూసిన తలుపు తెరచుట వాని ధర్మము. తెరచెను, వలయ మేర్పడెను, నెట్‌వర్కు స్తంభించెను. సుమారు నాలుగు దినములు ఆ ఆసుపత్రి కాగితమును నమ్ముకొనవలసి వచ్చెను. పరీక్షాఫలితములు, మందుల చీటీలు మనుషులు చేతపట్టుకొని మోసిరి. అచ్చటి కంప్యూటరు శాఖాధిపతి జాన్ హలంకా జరిగినదంతయు దాచక బహిరంగముగా చెప్పెను. తక్కిన ఆసుపత్రులవారు దానివలన తమ తీగలను లెక్కపెట్టుకొనిరి. నష్టమును దాచుటకంటె ఇది వేయిరెట్లు మేలైన పని అని మా అభిప్రాయము.

స్విచ్చి ఎవరి లకోటా వారికే ఇచ్చుచున్నది గదాయని దానిని తాళమువలె నమ్మరాదు. చిట్టాలో చోటు పరిమితము. దుర్బుద్ధిగల వాడొకడు వేలకొలది దొంగపేర్లతో లకోటాలు పంపినచో చిట్టా నిండిపోవును. అప్పుడు క్రొత్తగా వచ్చినవారి జాడ వ్రాసికొనుటకు చోటులేక స్విచ్చి దండోరాకు దిగును. ఇట్టిదానిని ఆపుటకై ఒక పోర్టున ఇన్ని పేర్లే ఉండవలెనని కట్టడిచేయు స్విచ్చిలు నేడు కలవు. రహస్యముంచవలసిన సమాచారమును మాత్రము లకోటాలో పెట్టుటకు పూర్వమే గూఢలిపిగా మార్చుట అవసరము.

ఇండ్లలో పెట్టుకొను చవుక స్విచ్చిలలో పెర్ల్‌మన్ పద్ధతి తరచుగా ఉండదు. పిల్లలు ఒక తీగ రెండు కొసలను ఒకే పెట్టెలోని రెండు రంధ్రములలో దూర్చినచో బోస్టనులో జరిగినదే చిన్న ఎత్తున మన ముందుగదిలో జరుగును. దీపములన్నియు ఒక్కసారిగా, ఎడతెరపి లేకుండ మినుకుమనును, ఇంటర్నెట్టు నిలిచిపోవును. మరమ్మతువారి కొరకు కబురు పంపుటకు ముందు, రెండు కొసలును ఒకే పెట్టెలో నున్న తీగ ఏదైన కలదేమో చూచి, ఒక కొసను ఊడదీయవలెను. అటుపైన తిరుగుచున్న లకోటాలు ఆగిపోవుటకు ఒక్క క్షణము పట్టును.