పెడనలో అద్దకం నేర్చుకున్నాను
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉద్యోగ విరమణ తర్వాత కాలక్షేపం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు కార్యదర్శి గారు. కాలక్షేపం అనే మాట నాకంతగా నచ్చదు. కాలం దానంతటదే పోతుంది, మనం తోయనక్కరలేదు. అందుకని డెబ్బై దాటాక నేర్చుకున్న ఒక పని గురించి మనవి చేస్తాను. అది పెడన కలంకారీ, చెక్క అచ్చులతో గుడ్డ మీద వేసే అద్దకం.

చెక్క అచ్చు విద్యలో చైనావారు ప్రసిద్ధులు. క్రీ.శ. 868లో వారు అచ్చువేసిన వజ్రసూత్రం లండన్ బ్రిటిష్ లైబ్రరీలో నేటికీ ఉన్నది. వారు సిరా పూసిన చెక్క మీద కాగితం పరచి వెనుకనుంచి రుద్దుతారు. మనవారు పరచిన గుడ్డ మీదకు చెక్కనే తెచ్చి అద్దుతారు. ఈ గుడ్డలు బందరు రేవు నుంచి పర్షియాకు, ఐరోపాకు ఓడల్లో వెళ్ళేవి. 1611లో ఇంగ్లీషువారు బందరులో వర్తకానికి దిగటానికి మన నేత, అద్దకం గుడ్డలే ముఖ్య కారణం. ఇప్పుడు ఆ పనికి పెద్ద కేంద్రం బందరు పక్కనున్న పెడన.

బెజవాడలో బందరు రైలెక్కితే గుడివాడ దాటాక పెడన వస్తుంది. నెల రోజులు అలా వెళ్ళివచ్చాను. నేర్పిన మేస్త్రీ నాకన్నా పాతికేళ్ళు చిన్నవాడు. "ఆఫీసులో స్టాంపులేసిన చెయ్యేగా బాబాయ్ గారూ, అలవాటవుతుంది లెండి" అన్నాడు. కానీ ఆఫీసు స్టాంపు కాస్త వంకరగా పడినా కాగితం చెల్లుతుంది. ఇక్కడ ఒక అచ్చు అంచు పక్క అచ్చు అంచుతో కలవకపోతే తీగ తెగిపోతుంది. చెయ్యి వణుకుతుందేమోనని ఇంట్లో భయపడ్డారు. టేకు అచ్చు బరువే నా చేతిని నిలబెట్టింది.

పని వరస చెబుతాను. ముందు గుడ్డకు గంజి పోగొట్టి, కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీటిలో ముంచి ఆరబెట్టాలి. పాల కొవ్వు వల్ల రంగు పాకదు. తుప్పు ఇనుము, బెల్లం నీళ్ళలో రోజుల తరబడి పులియబెట్టిన కసిమి, కరక్కాయ తగిలిన గుడ్డ మీద పడగానే నల్లబడుతుంది. ఎరుపు కావలసినచోట పటిక నీళ్ళతో అద్దాలి. అది అప్పటికి ఎరుపుగా కనిపించదు. పారే నీటిలో ఉతికి, రంగు వేసిన కాగులో ఉడికిస్తే, పటిక పడినచోటే ఎరుపు పట్టుకుంటుంది. ఒకప్పుడు అందుకు చిరివేరు వాడేవారు. ఇప్పుడు అలిజరిన్ కూడా వాడుతున్నారు. కనిపించని దాన్ని నమ్మి రోజంతా అద్దటం ఈ పనిలో నాకు బాగా నచ్చిన సంగతి.

ఒకరోజు మేస్త్రీ అన్నాడు: "మీరు ఈ వయసులో వచ్చి నేర్చుకుంటున్నారు. మావాడు మాత్రం ఈ పనికి రానంటున్నాడండీ." నా దగ్గర జవాబు లేదు. చేత్తో రోజుల తరబడి చేసే పనికి స్క్రీన్ ప్రింటు గుడ్డ పోటీ. అదే డిజైను, తక్కువ ధర, పేరు కూడా కలంకారీయే. కూలి గిట్టకపోతే ఏ బిడ్డ మాత్రం వస్తాడు?

కనుక మిత్రులకు నా విన్నపం. కలంకారీ అని చెప్పి అమ్మినప్పుడు అచ్చుతో వేసిందా, స్క్రీనుతో వేసిందా అని అడగండి. చేతి అద్దకంలో అచ్చుకూ అచ్చుకూ మధ్య అతుకు సన్నగా కనబడుతుంది. అది లోపం కాదు, మనిషి వేశాడన్న గుర్తు. వీలైతే మనవల్ని వెంటబెట్టుకుని ఒకసారి పెడన వెళ్ళి, ఒక అచ్చయినా వారిచేత వేయించండి. నాకు తోడు కావాలన్నవారు సమావేశం కాగానే చెప్పండి, నేను వస్తాను.