మంత్రదండం ఎవరి చేతిలో?



ఈ ఏడాది వచ్చిన పిల్లల పుస్తకాలను సమీక్షించి, యువ రచయితలను దీవించి కూర్చోమని ఆహ్వాన సంఘంవారు నాకు సున్నితంగా చెప్పారు. పుస్తకాల జాబితా మీకిచ్చిన కాగితాల్లోనే ఉంది. నా సమయమంతా ఒకే ఒక్క ప్రశ్నకు ఖర్చుపెడతాను. దాన్ని నా నోట విని విని విసిగిపోయినవాళ్లు ముందు వరసలోనే కనిపిస్తున్నారు. వాళ్లు నిరభ్యంతరంగా కాఫీకి వెళ్లిరావచ్చు.

ప్రశ్న ఇది: మన మాంత్రిక నవలల్లో మంత్రం కథానాయకుడికి ఎందుకు నిషిద్ధం?

మన పిల్లలు ఇవాళ ఇంగ్లీషులో చదువుతున్నవి చూడండి. టోమీ అడెయెమి 2018లో రాసిన ‘చిల్డ్రన్ ఆఫ్ బ్లడ్ అండ్ బోన్’లో రాజు మంత్రవిద్యను రూపుమాపి, అది తెలిసినవాళ్లను చంపించాడు. అలా తల్లిని పోగొట్టుకున్న పిల్ల ఆ విద్యను తిరిగి తేవడానికి బయల్దేరుతుంది. నిషేధం రాజుది, విద్య ఆమెది. అంతకు యాభై ఏళ్ల ముందే, 1968లో, ఉర్సులా లె గ్విన్ ‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’ రాసింది. అందులో గెడ్ అనే కుర్రాడు తోటి విద్యార్థి ముందు గొప్పకు పోయి, చచ్చినవాళ్లను పిలిచే మంత్రం చదివి, ఒక నీడను లోకం మీదికి వదులుతాడు. తప్పూ వాడిదే, విద్యా వాడిదే.

అదే 1968లో మన చందమామలో దాసరి సుబ్రహ్మణ్యంగారి ‘శిథిలాలయం’ మొదలైంది. శిఖిముఖి, విక్రమకేసరి ఎంత ప్రమాదంలో పడినా బయటపడేది ఆయుధంతో, తెలివితో. ‘తోకచుక్క’ మొదలైన 1954 నుంచీ దాసరి నాయకుల పద్ధతి ఇదే. మంత్రం గుహలో కూచున్న గడ్డపువాడి సొత్తు.

దీనికి మన మిత్రుడొకరి దగ్గర సిద్ధంగా ఒక జవాబుంది. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా చందమామను నడిపిన కొడవటిగంటి కుటుంబరావుగారు హేతువాది, దాసరిగారూ అంతే. కాబట్టి మంత్రం ఓడాలి, మనిషి గెలవాలి. ఇది సంపాదకుల సిద్ధాంతం, ఇంతకు మించి వెతకొద్దు అంటారాయన. ఆ మాటనే పత్రికల్లో రాశారు, పుస్తకంలో వేశారు, రేపు మధ్యాహ్నం ఇక్కడ కూడా చదవబోతున్నారు. వినయంగా ఒక సంగతి గుర్తు చేస్తాను. ‘పాతాళభైరవి’ విడుదలైంది 1951లో. అప్పటికి కుటుంబరావుగారు చందమామలో చేరనే లేదు. ఆ సినిమాలో నేపాళ మాంత్రికుడికి విద్య ఉంది, సాధన ఉంది. లేనిదల్లా బలి ఇవ్వడానికి ఒక సాహసవంతుడైన కుర్రాడు. అందుకే తోటమాలి కొడుకు తోటరాముణ్ణి వెతుక్కుంటూ వచ్చాడు. ఇందులో హేతువాదం ఎక్కడుంది?

1957లో వచ్చిన ‘ముగ్గురు మాంత్రికులు’ మొదటి భాగాలను దగ్గర పెట్టుకుని చూడండి. చెరువు గట్టున వల పట్టుకుని నిలబడిన పేద జాలరి పింగళుడు. ఎవరో వచ్చి, నా చేతులు కట్టి నన్ను నీళ్లలోకి తొయ్యి అంటాడు. చేతులు పైకి తేలితే వల విసిరి లాగు, కాళ్లు తేలితే నేను పోయినట్టే. ఇది అరేబియన్ నైట్స్‌లోని జూదర్ కథ; తెలిసిందే. తెలిసినవాళ్లు కూడా పట్టించుకోనిది పింగళుడి పని. తాడు కట్టడం, తోయడం, చూడటం, వల విసరడం. అంతా కాయకష్టం. ఆ నీళ్ల అడుగున ఏముందో, దాన్ని పట్టే మంత్రమేమిటో అతనికి చెప్పరు. విద్యకు యజమాని ఒకడు, దానికి చాకిరీ చేసేవాడు ఒకడు. మన మాంత్రిక కథలో అసలు గుట్టు ఇదేనని నా వాదం. దీన్ని నిరూపిస్తే తెలుగు నవలా చరిత్రలో సగం తిరగరాయాల్సి వస్తుంది. మిగతా సగం ఎలాగూ తప్పుల తడక కనుక అదీ తిరగరాయవచ్చు.

ఇంకా వెనక్కి, నన్నయ దగ్గరికి వెళదాం. ఆదిపర్వంలో కచుడున్నాడు. కుర్రవాడు, శత్రువుల గురుకులం, నిషిద్ధమైన మృతసంజీవని, గురువుగారి కూతురి ప్రేమ. ఇంతకంటే ఏం కావాలి? రాక్షసులు అతణ్ణి చంపి, కాల్చి, ఆ బూడిదను సురలో కలిపి గురువు చేతే తాగించారు. అప్పుడుగానీ శుక్రుడు మంత్రం చెప్పలేదు. కడుపులో ఉన్న శిష్యుణ్ణి బయటికి రప్పిస్తే తాను పోతాడు, తనను బతికించడానికి వాడికి మంత్రం వచ్చి తీరాలి. ఇంత కష్టపడి సంపాదిస్తే, ఆ విద్య నీకు పనిచెయ్యదని దేవయాని శపించింది. నాకు పనిచెయ్యకపోయినా నేను నేర్పినవాళ్లకు పనిచేస్తుందన్నాడు కచుడు. నేర్చినవాడికి నిషిద్ధం, వాడి శిష్యుడికి చెల్లుబాటు. పింగళుడు, తోటరాముడు ఈ వంశంలోవాళ్లే.

ఇక నా మీద దాడికి బాగా పనికొచ్చే సంగతి నేనే చెబుతాను. 1972లో మొదలైన ‘యక్షపర్వతం’లో ఖడ్గవర్మ పక్కన జీవదత్తుడున్నాడు, అతని చేతిలో మంత్రదండం ఉంది. 1976 నాటి ‘మాయాసరోవరం’లో జయశీలుడి తోడు సిద్ధసాధకుడు, మహాకాళి ఉపాసకుడు. అంటే మంత్రం గుహ దాటి నాయకుడి పక్కకు వచ్చింది. ఎలా వచ్చింది? పదకొండో శతాబ్దంలో సోమదేవుడు రాసిన కథాసరిత్సాగరంలో ఒక బేతాళ కథ ఉంది. అనంగరతి అనే రాజకుమార్తెను కోరి నలుగురు వస్తారు. అందులో ఖడ్గధరుడు కత్తి తిప్పడంలో మేటి; జీవదత్తుడనే బ్రాహ్మణుడు చచ్చినవాళ్లను బతికించగలడు. దాసరిగారి జంట అక్కడినుంచే దిగివచ్చిందంటాను. మంత్రం నాయకుల పక్షానికి వచ్చినప్పుడు కూడా ఇలాంటి పేరున్నవాడి చేతికే వచ్చింది, జాలరి చేతికి రాలేదు. దీన్ని కాదనేవాళ్లు ఆధారాలతో రండి. పెదవి విరిస్తే చాలదు.

రెండు వర్గాలవారితో రెండు మాటలు. మంత్రాల కథలు పిల్లల్ని మూఢులను చేస్తాయనేవారికి: బాణామతి పేరుతో మన పల్లెల్లో మనుషుల పళ్లు పీకారు, ప్రాణాలు తీశారు. ఆ భయం మీద వ్యాపారం చేసిన పెద్దల నవలలున్నాయి. ‘తులసిదళం’ మీద రంగనాయకమ్మగారు పుస్తకమే రాశారు, రాయాల్సిందే. కానీ మాంత్రికుణ్ణి మోసగాడిగా, పిరికివాడిగా, నవ్వులపాలయ్యేవాడిగా చూపిన పిల్లల సీరియల్‌ను అదే గాటన కట్టకండి. రెండో వర్గం, హారీ పోటర్ అంతా మన పురాణాల్లో ఎప్పుడో ఉందనేవారు. ఉందయ్యా, ఉంది. ఉన్నదాన్ని పదిహేనేళ్ల పిల్ల చదివేలా ఈ పాతికేళ్లలో మీరు రాసిందేమిటో చూపించండి.

నేను ఈ సీరియల్స్ మీద పరిశోధన చేస్తానని వెళ్లినప్పుడు ఒక తెలుగు శాఖలో, రచయిత పేరే లేనిదాని మీద పరిశోధనేమిటన్నారు. కర్త తెలియని తాళపత్రాల కోసం తలలు బద్దలు కొట్టుకునే శాఖే అది! చందమామ తన సీరియల్స్‌కు రచయిత పేరు వెయ్యకపోవడం నిజమే. అందుకే, తొలి సీరియల్ ‘విచిత్ర కవలలు’ రాసింది ఎవరో ఈనాటికీ చాలామంది ఆచార్యులకు తెలియదు. ‘రచన’ శాయిగారు పూనుకుని దాసరి సీరియల్స్‌ను పుస్తకాలుగా తెచ్చారు కాబట్టి ఈమాత్రమైనా మిగిలాయి. దాసరిగారు 2010 జనవరిలో పోయారు. కేంద్ర సాహిత్య అకాడమీ బాలసాహిత్య పురస్కారం మొదలైంది ఆ ఏడాదే.

మీ ఇళ్లలో అటకల మీద బైండు పుస్తకాలు ఉంటాయి. నెలనెలా సీరియల్ పేజీలు చించి, దబ్బనంతో కుట్టి, చొక్కాల డబ్బా అట్ట వేసినవి. ప్రతి భాగం చివరి పేజీ వెనక ఇంకేదో కథ సగంలో తెగిపోయి ఉంటుంది. గుంటూరు జిల్లాలో ఒకరింట్లో నేను చూసిన ‘యక్షపర్వతం’ బైండులో ఒక నెల సంచిక దొరకలేదు. ఆ ఖాళీలో రూళ్ల కాగితాలు కుట్టి ఉన్నాయి. ఆ ఇంటి ఆడపిల్ల ఆ భాగాన్ని తనే పెన్సిల్‌తో రాసేసింది. ఆమె రాసిన దాంట్లో జీవదత్తుడు జ్వరంతో పడుకుంటే మంత్రదండాన్ని ఒక గొల్లపిల్ల అందుకుంటుంది. ఆ తరవాతి అచ్చు పేజీలో దండం మళ్లీ జీవదత్తుడి చేతిలోనే ఉంది. దాసరిగారికి ఆ సంగతి తెలిసే వీలు లేదు కదా!

ఈ సభ నుంచి నేను కోరేవి మూడు. చందమామ, బాలమిత్ర, బొమ్మరిల్లు సీరియల్స్‌కు రచయిత, చిత్రకారుడు, నెలలతో సూచిక తయారు కావాలి. పత్రికలో వచ్చిన పాఠాన్ని, పుస్తకంగా వచ్చిన పాఠాన్ని పక్కపక్కన పెట్టి, తేడాలు చూపే సంస్కరణ కనీసం ఒక్క సీరియల్‌కైనా రావాలి. ఆ బైండు పుస్తకాలను తూకానికి వెయ్యకుండా ఏదో ఒక గ్రంథాలయం తీసుకోవాలి. తీర్మానం చేస్తే చాలదు. ఎవరు చేస్తారో పేర్లు రాసుకుని లేవండి.

యువ రచయితలకు దీవెనలు కాదు, పని చెబుతున్నాను. నిషిద్ధ విద్య గురించి రాసేముందు మూడు సంగతులు తేల్చుకోండి: దాన్ని నిషేధించింది ఎవరు, నిషేధం వల్ల ఎవరికి లాభం, ఆ విద్య చాకిరీ చేసేవాళ్ల చేతికొస్తే ఏమవుతుంది. ఆ మూడోది తెలుగులో ఇంతవరకూ అచ్చులో ఎవరూ సరిగా రాయలేదు. పెన్సిల్‌తో ఒకామె రాసింది. మీరు అక్కణ్ణుంచి అందుకోండి.

మొదటి సమావేశం వక్తలు వేదిక మీదికి రావలసిందిగా కోరుతున్నాను.