ధార్వాడకీ కడపకీ నడుమ



ఆహ్వాన పత్రికలో నా అంశం ‘బళ్ళారి రేడియో చరిత్ర’ అని వేశారు. ముందే చెప్పేస్తాను, ఈ ఊళ్ళో మీడియం వేవ్ కేంద్రం ఏనాడూ లేదు. ధర్మవరం రామకృష్ణమాచార్యులవారు, కోలాచలం శ్రీనివాసరావుగారు, రాఘవగారు వంటి నాటకరంగ ఉద్దండులు నడిచిన ఊరు. గొంతుకలకు కొదవ లేదు, స్టూడియోకే కొదవ. అందుకని ఇవాళ నేను చెప్పబోయేది విన్నవాళ్ళ చరిత్ర.

మద్రాసు కేంద్రం 1938 జూన్ 16న మొదలైంది. అప్పుడు మనం మద్రాసు రాజధానిలోనే ఉన్నాం కనుక తెలుగు కార్యక్రమాలూ అక్కణ్ణుంచే. 1948 డిసెంబరు 1న విజయవాడ, 1950 జనవరి 8న ధార్వాడ వచ్చాయి. 1953 అక్టోబరు 1న మన నడుమ రాష్ట్రాల గీత పడింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు, బళ్ళారి ఇటు. ఆ విభజన గొడవలు మీ ఇళ్ళలో పెద్దల నోట విన్నవే, వాటి జోలికి పోను. ఒక్క విచిత్రం మాత్రం చూడండి. ఆ రోజు బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరింది. కన్నడం వినిపించే ధార్వాడ బొంబాయి రాష్ట్రంలో ఉంది, తెలుగు వినిపించే విజయవాడ ఆంధ్రలో ఉంది. రెండూ పొరుగువాళ్ళవే!

కడప కేంద్రం 1963లో వచ్చింది. మొదట్లో వేరే కేంద్రాల కార్యక్రమాలు అందించేది, తర్వాత సొంత గొంతు తెచ్చుకుంది. 900 కిలోహెర్ట్జ్, అంటే 333.3 మీటర్లు. ఇంటికెళ్ళాక ఒక పటం తీసి స్కేలు పెట్టి చూడండి. ధార్వాడ నుంచి కడపకు గీత గీస్తే అది దాదాపు బళ్ళారి మీదుగానే పోతుంది. అటూ ఇటూ కాకిదూరం రమారమి రెండొందల కిలోమీటర్లే. ఎవరూ కావాలని చేసింది కాదు, అలా కుదిరిందంతే.

ట్రాన్సిస్టర్ విప్పి చూసినవాళ్ళకు తెలుసు, లోపల రాగితీగ చుట్టిన నల్లటి ఫెర్రైట్ కడ్డీ ఒకటి అడ్డంగా పడి ఉంటుంది. స్టేషను ఆ కడ్డీకి అడ్డంగా ఉన్న దిక్కున ఉంటే గట్టిగా పలుకుతుంది. కడ్డీ కొన స్టేషను వైపు తిరిగితే గరగరే. అందుకే రేడియోను కిటికీలో పెట్టి అటూ ఇటూ జరిపేవాళ్ళు. మన ఊళ్ళో సెట్టు ముఖం తూర్పుకు పెడితే కడప బాగా పలికేది. అక్కడే ఉంచి ముల్లు 765కు జరిపితే వెనకనుంచి ధార్వాడ కూడా అంతే బాగా పలికేది. పక్కకు తిప్పితే రెండూ ఒకేసారి నీరసించేవి. కన్నడమా తెలుగా అని తగువులాడుకున్న ఊరికి కడ్డీ చెప్పిన తీర్పు ఇది!

పగలు మీడియం వేవ్ నేలను పట్టుకుని నడుస్తుంది. చీకటి పడ్డాక పై వాతావరణంలో అడుగు పొర కరిగిపోయి, తరంగాలు ఇంకా పైనుంచి తిరిగి కిందికి వస్తాయి. అందుకే పగలు దొరకని దూరపు స్టేషన్లు రాత్రి దొరికేవి. విజయవాడ నాటకాలు మన రాత్రుల్లోకి వచ్చింది అలాగే. నండూరి సుబ్బారావుగారి ‘గణపతి’ విని నవ్వని ఇల్లు ఉండేదా? కాకపోతే మధ్యలో సరిగ్గా పసందైన చోట గొంతు మునిగిపోయేది, మళ్ళీ తేలేసరికి నాటకం ముగిసేది.

కడప సంగతి వేరు. విజయవాడ మాట మనకు అందంగా ఉండేది గానీ, చుట్టాలింటి అందం. కడప వ్యవసాయ కార్యక్రమంలో చెనిక్కాయ పంటకు చీడ పట్టిందని మాట్లాడుతుంటే మోకా రైతుకూ రూపనగుడి రైతుకూ అది తన చేనే. తుంగభద్ర కాలువ నీళ్ళు ఇక్కణ్ణుంచి ఆంధ్రకు పోతాయి, మన పత్తీ చెనిక్కాయా ఆదోని మార్కెట్టుకు పోతాయి. కడప మాటలు మాత్రం అటునుంచి మనకు ఎదురొచ్చేవి.

  

తర్వాత అనంతపురానికీ హోస్పేటకూ ఎఫ్‌ఎం వచ్చింది. శబ్దం శుభ్రం, కానీ అది చూపుదూరం దాటి ఎక్కువ పోదు. ఇప్పుడు ఫోనులో కడప, ధార్వాడ రెండూ ఏ ఊళ్ళోనైనా వినవచ్చు. దేశంలో పాత మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లను ఒక్కొక్కటే ఆపేస్తున్నారు. కరెంటు ఖర్చు, విడిభాగాల కరువు, వినేవాళ్ళు తగ్గడం, కారణాలన్నీ నిజమైనవే. వాటితో నాకు పేచీ లేదు. పేచీ అల్లా, మనం విన్నది ఎక్కడా రాసిపెట్టుకోలేదని.

ఆకాశవాణికి మీరు రాసిన ఉత్తరాలకు జవాబులొచ్చి ఉంటే, పోస్టాఫీసులో కట్టిన పాత రేడియో లైసెన్సు పుస్తకాలు బీరువాల్లో మిగిలి ఉంటే తీసి ఉంచండి. సిరుగుప్ప, రాయదుర్గం, ఉరవకొండ చుట్టాలనూ అడగండి. సభ అయ్యాక తలుపు దగ్గర బల్ల వేసుకుని కూర్చుంటాను, పేరూ ఊరూ రాయించి వెళ్ళండి.