ఐస్‌లాండిక్ భాషలో ఒక చిన్న వాక్యం



ఈ పాఠంలో మనం ఒకే ఒక వాక్యం ద్వారా ఐస్‌లాండిక్ భాషా వ్యాకరణాన్ని పరిచయం చేసుకుందాం. ఎక్కడో మంచు దేశపు భాష మనకెందుకు అనే సందేహం మీకు రావచ్చు. పాఠం పూర్తయ్యేసరికి సమాధానం మీకే తెలుస్తుంది.

ముందుగా అండమాన్ దీవులలోని డైరీ ఫార్మ్‌కు వెళదాం. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ నగరంలో ఇదొక ప్రాంతం. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల జనాభా సుమారు 3 లక్షల 80 వేలు. ప్రతి వందమందిలో సుమారు 13 మంది మాతృభాష తెలుగు. ఐస్‌లాండ్ దేశ జనాభా కూడా దాదాపు 4 లక్షలే.

డైరీ ఫార్మ్‌లో ఒక తెలుగింటి అమ్మాయి వానలో తడిసి వచ్చిందనుకోండి. "అమ్మా, నాకు చలిగా ఉంది" అంటుంది. పక్కింటి స్నేహితురాలితో హిందీలో "ముఝే ఠండ్ లగ్ రహీ హై" అంటుంది. బడిలో ఇంగ్లీషులో "ఐ యామ్ కోల్డ్" అని రాస్తుంది. ఐస్‌లాండ్ అమ్మాయి "మ్యేర్ ఎర్ కల్త్" అంటుంది.

ఇప్పుడు పదాలు విడదీద్దాం. మ్యేర్ అంటే నాకు. ఎర్ అంటే ఉంది. కల్త్ అంటే చల్లగా. ఇంగ్లీషు వాక్యం "నేను"తో మొదలైంది. మిగిలిన మూడూ "నాకు"తో మొదలయ్యాయి. కారణం ఏమిటి? చలి మనం చేసే పని కాదు, మనకు కలిగే అనుభవం. ఆ తేడాను ఈ భాషలు విభక్తితో చూపిస్తాయి.

ఐస్‌లాండిక్‌లో విభక్తులు నాలుగు. "నేను" అనే పదం ఇలా మారుతుంది: యేగ్ (నేను), మిగ్ (నన్ను), మ్యేర్ (నాకు), మీన్ (నా). తెలుగు వ్యాకరణం కి, కు ప్రత్యయాలను యొక్క, లో, లోపలతో కలిపి షష్ఠిలో చేర్చింది. ఐస్‌లాండిక్‌లో "నాకు", "నా" వేర్వేరు విభక్తులు.

ఇక క్రియను గమనించండి. "నేను ఇక్కడ ఉన్నాను" అన్నది "యేగ్ ఎర్ హ్యేర్". "మేము ఇక్కడ ఉన్నాము" అంటే ఎర్ కాస్తా ఎరుమ్ అవుతుంది. కాని "మాకు చలిగా ఉంది" అన్నప్పుడు "ఒహ్కుర్ ఎర్ కల్త్" అంటారు. ఎర్ మారలేదు. తెలుగులోనూ అంతే కదా! నాకైనా, మాకైనా "ఉంది" అనే అంటాం.

ఒక తేడా కూడా ఉంది. తెలుగులో క్రియ సాధారణంగా వాక్యం చివర వస్తుంది. ఐస్‌లాండిక్‌లో రెండవ స్థానంలో వస్తుంది.

ఈ పోలికను బట్టి రెండూ ఒకే కుటుంబ భాషలని పొరబడకండి. తెలుగు ద్రావిడ భాష, ఐస్‌లాండిక్ జర్మానిక్ శాఖకు చెందిన భాష.

ఇంట్లో మాట్లాడే భాషకు వ్యాకరణం ఏముందిలే అని కొందరు విద్యార్థులు అనుకుంటారు. అందుకే ఇంగ్లీషును మక్కికి మక్కి దించి "నేను చలిగా ఉన్నాను" అని రాస్తారు. వేల మైళ్ళ అవతలి భాషలోని చిక్కుముడిని విప్పే తాళంచెవి అమ్మతో మాట్లాడే మాటలోనే ఉంది. దాన్ని పారేసుకోకండి.

అభ్యాసం: ఆకలి, నిద్ర, జ్ఞాపకం, ఇష్టం - ఈ నాలుగింటితో మీ ఇంటి భాషలో వాక్యాలు రాయండి. ఎక్కడ "నేను" వచ్చిందో, ఎక్కడ "నాకు" వచ్చిందో గుర్తించండి. సెలవు.