పాసు లేని ప్రయాణికులు
(స్మారకోపన్యాసం)



మాస్టారి గురించి పెద్దలు ఇప్పటికే చాలా చెప్పారు. నేను రెండు మాటలు చెప్తాను. ఆయన చేతిరాత ముత్యాలకోవ. ఆయన వాడి వదిలేసిన సైకిలు నాకు అమ్మారు, గొలుసు ఊడిపోతుందని మాత్రం చెప్పలేదు. సైకిలు సంగతి ఎప్పుడో వదిలేశాను. ఇంకొక సంగతి వదల్లేదు. వలసవాడికి సర్కారు రాసిచ్చిన పాసు ఉంటేనే చరిత్ర ఉంటుందని, డిగ్రీ పిల్లలు సమాచారం తెస్తారే గాని పరిశోధన చెయ్యలేరని ఆయన చివరిదాకా అన్నారు. ఇప్పుడు ఎదురు చెప్పడానికి ఆయన లేరు. కాబట్టి ముందు ఆయన వాదాన్ని ఆయన చెప్పినంత బలంగా చెప్పి, ఆ తర్వాత నా మాట చెప్తాను.

ఒప్పంద కూలీల వలస తెలిసిన కథే, దాని మీద కాలయాపన చెయ్యను. 1834లో మారిషస్, 1860లో ట్రూరో ఓడ మీద నాటాల్, 1879లో లియోనిదాస్ మీద ఫిజీ. అయిదేళ్ల ఒప్పందం, చెరకు తోట, 1917లో రవాణా నిలిచిపోవడం. ఇవన్నీ పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి.

మాస్టారి వాదం ఇది. ఒప్పంద కూలీకి పాసు ఉంది. అందులో పేరు, తండ్రి పేరు, కులం, ఊరు, వయసు ఉన్నాయి. చరిత్రకారుడు బ్రిజ్ లాల్ కలకత్తా నుంచి ఫిజీ వెళ్లిన 45,439 మంది పాసులు లెక్కగట్టి 1983లో పుస్తకం వేశాడు. వాళ్లందరూ మోసపోయి ఓడెక్కిన అనామకులేనన్న పాత మాటను అంకెలతో ప్రశ్నించాడు. సురేంద్ర భానా 1991లో నాటాల్ ఓడల జాబితాలతో అలాంటి పనే చేశాడు. ఈ పునాది లేకుండా ముసలివాళ్లు చెప్పే కబుర్లు రాసుకొస్తే అది జానపదం అవుతుంది గాని చరిత్ర కాదు.

మంచి వాదమే. కాని లాల్ లెక్కలో మద్రాసు ఓడలు లేవు. 1903 నుంచి మద్రాసు మీదుగా ఫిజీ చేరిన సుమారు 15 వేల మంది, అంటే తెలుగువాళ్లు, తమిళులు, మలయాళీలు ఆ పుస్తకం బయటే ఉన్నారు. లాల్ తన హద్దు దాచలేదు. ఆయన తర్వాతివాళ్లు మాత్రం ఆ హద్దు మరిచి, ఆ అంకెల్నే మొత్తం గిర్మిటియాల, అంటే ఒప్పంద కూలీల, కథగా చెప్పుకొస్తున్నారు.

అసలు పేచీ ఫిజీతో కాదు, బర్మాతో. 1840 నుంచి 1940 వరకు బంగాళాఖాతం మీద రెండు దిక్కులా కలిపి సుమారు 2.8 కోట్ల ప్రయాణాలు జరిగాయని చరిత్రకారుడు సునీల్ అమృత్ 2013లో అంచనా వేశాడు. అందులో బర్మా వాటా కోటి ఇరవై లక్షలకు తక్కువ లేదు. ఒకే మనిషి పదిసార్లు పోయివచ్చి ఉండొచ్చు, అది ఒప్పుకుంటాను. అయినా 1860 నుంచి 1911 వరకు నాటాల్ చేరిన ఒప్పంద కూలీలు 1,52,184 మంది. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెడితే మన పుస్తకాల బీరువా ఎటు ఒరిగిందో తెలుస్తుంది.

ఇంతమందికి పాసు ఎందుకు లేదు? 1937 ఏప్రిల్ 1 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం. కాకినాడలో, భీమునిపట్నంలో, కళింగపట్నంలో, బారువలో ఓడెక్కి రంగం, అంటే రంగూన్, పోయినవాడు చట్టం దృష్టిలో దేశం దాటలేదు. దాటనివాడికి పాసు ఎవరిస్తారు? సర్కారు రాయకపోవడం సర్కారు నిర్ణయం. దాన్ని పట్టుకుని వాళ్లకు చరిత్ర లేదనడం ఆ నిర్ణయాన్ని మనం రెండోసారి అమలు చెయ్యడమే.

వాళ్లు స్వేచ్ఛగా పోయారు, దాన్ని బానిసత్వంతో పోల్చకూడదు అంటారు ఇంకొందరు. చరిత్రకారుడు టింకర్ 1974లో ఒప్పంద వ్యవస్థను కొత్త బానిసత్వమన్నాడు. దానికి ఎదురుగా, రంగం వలస కింది కులాలవాళ్లకు ఊరి పెత్తనం నుంచి కొంత వెసులుబాటు ఇచ్చిందని అడపా సత్యనారాయణ గారి పరిశోధన చూపిస్తుంది. రెండూ చదవాలి. కూలీలను కుదిర్చే మేస్త్రీ ఓడ చార్జీ పెట్టాడు, ఇంటికి బయానా ఇచ్చాడు, రంగంలో వాళ్ల కూలిలోంచి కోసుకున్నాడు. బయానా తీసుకుని పనికి రానివాణ్ణి మేజిస్ట్రేటు ముందు నిలబెట్టే 1859 నాటి చట్టం 1925లో రద్దు చట్టం వచ్చేదాకా చట్టపుస్తకాల్లో ఉంది. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె కట్టారు. వాళ్ల స్థానంలో బర్మా కూలీల్ని పెట్టారు. సమ్మె తీరాక ఆ బర్మావాళ్లను పంపేశారు. దాంతో చెలరేగిన అల్లర్లలో తెలుగువాళ్లు వీధుల్లో చచ్చారు. స్వేచ్ఛా, బానిసత్వమా అన్నది గదిలో కూర్చుని తేల్చే ప్రశ్న కాదు. ఎవరు ఎంత అప్పు తీసుకున్నారు, ఎన్నేళ్లకు తీరింది, తీరాక భూమి కొన్నారా లేదా అని ఇంటింటికీ తేల్చాల్సిన ప్రశ్న.

ఇంటింటికీ వెళ్లగలిగేది ఎవరు? ఆ ఊళ్లో పుట్టి, సోంపేటలోనో టెక్కలిలోనో డిగ్రీ చదువుతున్న పిల్ల. ఆమెకు ఆ యాస వచ్చు, చుట్టరికం ఉంది. డిగ్రీలో కమ్యూనిటీ సర్వీసు ప్రాజెక్టు పేరుతో ఊళ్లకు ఎలాగూ పంపుతున్నాం. మరుగుదొడ్ల సర్వే చేయించి, ముద్ర వేసి, అటక మీద పెడుతున్నాం. ప్రశ్నాపత్రం చేతికిచ్చి పంపితే ఆమె గుమాస్తా అవుతుంది. ప్రశ్నే ఇస్తే పరిశోధకురాలవుతుంది. కాగితం లేదంటారా? అమెరికాలో పరిశోధకుడు వివేక్ బాల్డ్ ఓడల పట్టీలు, పెళ్లి రిజిస్టర్లు, జనాభా లెక్కలు తిరగేసి న్యూ ఆర్లియన్స్‌లోనూ హార్లెంలోనూ కలిసిపోయిన బెంగాలీ వర్తకుల్ని, ఓడ కూలీల్ని బయటికి తెచ్చాడు. వాళ్ల పేరు మీద ఎవరూ ఫైలు తెరిచి ఉంచలేదు. వెతికితే కాగితం దొరికింది.

మనకూ కాగితాలు ఉన్నాయి. ప్రామిసరీ నోట్లు, సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో భూమి దస్తావేజులు, గుడి గోడ మీద దాతల పేర్లు. 1962 తర్వాత బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్ల పునరావాసం ఫైళ్లు. విశాఖలో బర్మా క్యాంపు అనే పేట ఇప్పటికీ ఉంది. పోయేటప్పుడు రాయని పేరు వచ్చేటప్పుడు రాశారు. మాస్టారు అడిగిన పాసు అదే, తిరుగు దారిలో దొరుకుతుంది.

ఇప్పుడు మా విద్యార్థులతో మేం మొదలుపెట్టిన పని ఇదే. దానికి రెండో భాగం కూడా ఉంది. ఈరోజు ఉద్దానం నుంచి ఏజెంటుకు డబ్బు కట్టి గల్ఫ్‌కి విజిట్ వీసా మీద పోతున్న కుర్రాడు 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద పెట్టిన క్లియరెన్సు లెక్కలోకి రాడు. చార్జీ ఎవరు పెట్టారు, అప్పు ఎవరిది అన్న ఆ పాత ప్రశ్నలే అతన్నీ అడుగుతున్నాం. తాతదీ మనవడిదీ ఒకే కాగితం మీద రాస్తున్నాం.

ఈ ఉపన్యాసం పెట్టిన ట్రస్టువారికి ఒక విన్నపం. వచ్చే ఏడాది శాలువా, ఉపన్యాసం, ఆ ఉపన్యాసాన్ని పుస్తకంగా వెయ్యడం మానండి. ఆ డబ్బు డిగ్రీ విద్యార్థుల బస్సు చార్జీలకు, ఫొటోకాపీలకు ఇవ్వండి. వాళ్లు రాసిన నివేదిక మీద గైడు పేరు కింద వెయ్యండి, విద్యార్థి పేరు పైన వెయ్యండి. మాస్టారు ఒప్పుకోరని తెలుసు. ఆయన పేరు మీద పెట్టిన నిధి గనక, ఆయనతో వాదించే పనికే ఖర్చు పెట్టడం న్యాయం.