తాళజాతి వృక్షములకు ఎర్రముక్కు పురుగు బాధ



కోనసీమ కొబ్బరితోటలవారికి ఎర్రముక్కు పురుగు కొత్త చుట్టము కాదు. అది ఈ ప్రాంతములందు పుట్టి పెరిగినదే. కాని నేడు దాని పేరు చెప్పిన ఉలికిపడువారు స్పెయిను, ఇటలీ దేశముల ఉద్యానపాలకులు. ఇక్కడి తోటపురుగు రోము నగరవీధులకు ఎట్లు చేరెనో వినదగినది.

అమరకోశము ఖర్జూరాదులను తృణద్రుమములనినది, అనగా గడ్డిజాతి చెట్లు. ఈ మాటలో గొప్ప యథార్థమున్నది. మామిడి, వేప మొదలగు వానికి బెరడు క్రింద ప్రతియేట కొత్త పొర పెరిగి గాయమును పూడ్చును. తాళజాతికి ఆ పొర లేదు. ప్రాణమంతయు తలలోని ఒక్క మొవ్వునందే ఉండును. మొవ్వు పోయిన చెట్టు పోయినట్లే.

తల్లిపురుగు అంగుళమునకు కొంచెము మించి ఉండును. ఒడలు తుప్పురంగు, వీపుపై నల్లమచ్చలు, ముందు వంకరముక్కు. మట్ట నరికిన చోటనో, కొమ్ముపురుగు తొలిచిన రంధ్రముననో రెండువందలకు పైగా గ్రుడ్లు పెట్టును. కొద్దిదినములలో కాళ్ళు లేని తెల్లని డింభములు వెలువడి మెత్తని గుజ్జును తొలుచుచు లోనికి పోవును. రెండంగుళముల వరకు పెరిగి, నారతో గూడు అల్లుకొని, అందు రూపము మార్చుకొని మరల పురుగులై వచ్చును. ఇట్లు నాలుగు మాసములలో ఒక తరము ముగియును. ఒక చెట్టులో ఒక్కొక్కప్పుడు వందలకొలది కాపురముండును. పైకి చెట్టు పచ్చగానే కనిపించును! మ్రానుకు చెవి ఆనించినచో నమలు చప్పుడు వినవచ్చును. గోధుమరంగు రసము, పులిసిన వాసన తోచునప్పటికి సాధారణముగా కాలాతీతమై యుండును.

ఇది 1980ల మధ్య అరబ్బుదేశముల ఖర్జూరవనములలో కనిపించినది. 1990ల తొలిభాగమున ఈజిప్టును, ఆ దశకము మధ్య స్పెయినును, 2004లో ఇటలీని, 2006లో ఫ్రాన్సును చేరినది. సముద్రమును దాటించినది దాని రెక్కలు కావు, మనుష్యుని వేడుక. వీధులకు శోభ కొరకు పెరిగిన చెట్లను వేళ్ళతో పెకలించి ఓడలపై తెప్పించినారు. లోపలి పురుగును చూచినవారు లేరు.

మధ్యధరా తీరమున అలంకారమునకు నాటిన కానరీ ఖర్జూరమునకు కలిగినంత హాని మరి దేనికిని కలుగలేదు. నిండుగొడుగువంటి దాని తల ఒకనాడు విరిగిన గొడుగువలె క్రిందికి వ్రాలును. అరబ్బుల కాలమునాటి ఎల్చే ఖర్జూరవనమును 2000లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదలలో చేర్చినది. ఆ వనమునకును ఈ పీడ తప్పలేదు.

కానరీ ద్వీపములవారు మాత్రము మెలకువ చూపినారు. 2005లో పురుగు కనబడినంతనే బయటి చెట్ల దిగుమతి ఆపినారు, ఊరూర వెదకినారు, సోకినవానిని నరికి నాశనము చేసినారు. 2016లో తమ ద్వీపములకు పురుగు లేదని ప్రకటింపగలిగినారు. పదునొకండు సంవత్సరముల ఓపిక అది.

మగపురుగు విడుచు వాసన తోటిపురుగులను పిలుచును. శాస్త్రజ్ఞులు 1993లో దాని సారమును గుర్తించి ప్రకటించినారు. ఇప్పుడు దానిని బొక్కెనలో వ్రేలాడదీసి, అడుగున చెరకుముక్కలో ఖర్జూరములో పులియబెట్టి పురుగులను పట్టుచున్నారు. కొబ్బరికి పచ్చిమట్ట కోయవలసివచ్చినచో మ్రాను నుండి నాలుగడుగులు విడిచి కోయవలెను. మ్రానుకు గాయమైనచో నాడే తారు పూయవలెను.