లైన్‌మన్ పేరులో అవిసె నార

కరెంటు లైన్‌మన్ల వార్షికోత్సవంలో భాషా పాఠాలు చెప్పుకునే నాకేం పని అనుకున్నాను. "మా ఉద్యోగం పేరు మీదే మాట్లాడండి మాస్టారూ" అన్నారు మీ కార్యదర్శి. సరే, ‘లైన్’ అనే ఒక్క మాట పట్టుకుని వచ్చాను.

మీకు లైన్ అంటే అల్యూమినియం తీగ. ఆ మాట పుట్టిననాడు అది నార. ఈమధ్య ఒంటికి మంచిదని ఇంటింటా అవిసె గింజలు పొడి కొట్టుకుంటున్నాం కదా, ఆ మొక్క నారే. కాడల్ని నానబెట్టి, చితక్కొట్టి, దువ్వితే నార వస్తుంది. లాటిన్‌లో ఆ మొక్క పేరు లీనుమ్, ఆ నారతో పేనిన దారం లీనియా. అదే ఇంగ్లీషులో లైన్ అయింది. లినెన్ చొక్కా, క్రికెట్ బ్యాటుకు రాసే లిన్‌సీడ్ నూనె, అన్నీ ఆ కాడకు కాసినవే. జాకెట్టుకు టైలరు వేసే లైనింగూ అంతే. ఒకప్పుడు బట్టల లోపలివైపు లినెన్ గుడ్డ వేసి కుట్టేవారు.

మరి దారం గీత ఎట్లా అయింది? మీ వీధిలో ఇల్లు కడుతుంటే కాసేపు నిలబడి చూడండి. మేస్త్రీ రెండు కొసలా మేకులు కొట్టి దారం బిగిస్తాడు. ఇటుకలన్నీ దాని వెంటే నడుస్తాయి. బిగించిన దారాన్ని మించిన తిన్నని గీత పాతకాలం పనివాడికి ఎక్కడ దొరుకుతుంది? గీత కాస్తా వరుస అయింది, రేషన్ షాపు ముందు క్యూ అయింది, పోలీస్ లైన్స్ అయింది. కుర్రాళ్లు వేసే ‘లైను’ మాత్రం ఇంగ్లండు సరుకు కాదు, మనవాళ్ల సొంత కల్పన!

మన మాటలూ ఇదే దారి పట్టాయి. సూత్రం అంటే మొదట దారమే. అది మెడలో మంగళసూత్రం, లెక్కల పుస్తకంలో గణిత సూత్రం. కుటుంబ పరంపర దగ్గర మాత్రం దారులు చీలాయి. ఇంగ్లీషువాళ్లు లీనియేజ్ అని మళ్లీ దారమే పట్టుకుంటే, మనం వంశం అన్నాం. వంశమంటే వెదురు. కణుపు మీద కణుపు! ఈ పోటీలో నా ఓటు వెదురుకే.

ఇక తీగ సంగతికి వస్తే, 1850లో కలకత్తా నుంచి డైమండ్ హార్బరుకు ప్రయోగంగా టెలిగ్రాఫ్ లైను వేశారు. ఆ తీగ మీద వచ్చిన కబురును మనం తంతి అన్నాం. తంతి, తంతువు ఒక కుదురువే. తంతువన్నా దారమే. 2013 జూలైలో తంతి ఆగిపోయింది, మీ తీగలు మిగిలాయి.

చివరిగా డెడ్‌లైన్. 1864లో, అమెరికా అంతర్యుద్ధ కాలంలో, జార్జియా రాష్ట్రంలోని ఆండర్సన్‌విల్ జైల్లో గోడకు లోపలగా ఒక హద్దు కట్టారు. అది దాటిన ఖైదీని కాపలావాడు కాల్చేసేవాడు. ఆ హద్దు పేరు డెడ్‌లైన్. తర్వాత అది పత్రికాఫీసులకెక్కి గడువు అయింది. మీ పనిలో దాని అర్థం పూర్తిగా తిరగబడింది. డెడ్ లైన్ అంటే సప్లై లేని తీగ, మీ ప్రాణం కాపాడేది. వానాకాలం దగ్గరపడింది. పైవాళ్లు ఎంత తొందర పెట్టినా ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకుని, ఎర్త్ చేశాకే తీగ మీద చెయ్యి వేయండి.